సెకనుకు ఒక మూర

పాలెం,
తోటపల్లి గూడూరు మండలం,
అక్టోబరు 6.

అక్కా,

ఉత్తరం మొదట్లో అందరం బాగుండామని రాయాలంట, బిందు చెప్తుండాది. బాగలేము. అందుకని ఆ ముక్క రాయను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే "అబ్బయా, క్లాసులో ఉండా, మళ్ళీ చేస్తా" అంటావు. మళ్ళీ చెయ్యవు. చేసినా నేను అరుస్తా, నువ్వు పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా వినాల్సిందే.

మొన్న శుక్రవారం బిందుకి క్వార్టర్లీ ఫిజిక్స్ పరీక్ష. నేను రొయ్యల గుంట కాడ మేత చల్లుతుండా. వాళ్ళ సారు ఫోన్ చేసినాడు. "మునెయ్యా, నీ కూతురు ఇరవై నిమిషాలు కూర్చొని పేపరిచ్చేసి లేచిపోయింది. ఏడుస్తుండాది. ఎవురేమన్నారో కనుక్కో" అన్నాడు. పోయినా. ఎవురూ ఏమీ అనలేదు. ఎనిమిదో ప్రశ్న చూపించింది. నేను పదో తరగతి తప్పినోణ్ణే గానీ తెలుగు చదవడం వచ్చు. నువ్వు మర్చిపోయి ఉంటావని ఇక్కడ దించి పెడుతుండా.

"నిశ్చలంగా ఉన్న పడవలో ఇద్దరు వ్యక్తులు కలరు. వారిలో 52 కి.గ్రా. ద్రవ్యరాశి గల వ్యక్తి సెకనుకు 2 మీటర్ల వేగంతో ఒడ్డు మీదికి దూకెను. పడవ, అందులో మిగిలిన వ్యక్తి మొత్తం ద్రవ్యరాశి 208 కి.గ్రా. అయిన, పడవ ఎంత వేగంతో వెనుకకు పోవును?"

పేపరు తయారుచేసిన వాళ్ళలో మీ అక్క భానుప్రియ గారు కూడా ఉండారని ఆ సారే చెప్పినాడు, నాకేదో సంతోషం కలుగుతాదన్నట్టు.

నాయన పడవలోనించి పడి చచ్చిపోయి మూడేండ్లు. ఆ పడవ మా ఇంటి ముందర బోర్లా పడి ఉండాది. బిందు రోజూ దాన్ని దాటుకొనే బడికి పోతాది. నీకు లోకంలో ఇంకో వస్తువే దొరకలేదా? తుపాకీ లేదా, బంతి లేదా, రైలు పెట్టె లేదా? నాయన చావు నీకు నాలుగు మార్కుల లెక్కయిందా?

జవాబు రాయకపోయినా పరవాలేదు. నేను చెప్పాలనుకున్నది చెప్పినా.

మునెయ్య


దొరవారిసత్రం,
అక్టోబరు 14.

తమ్ముడూ,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను. విప్పకుండా ఇంటికి తీసుకుపోయి ఉండాల్సింది.

నీకు కోపం రావడంలో తప్పు లేదు. కానీ అది ప్రతి పుస్తకంలోనూ ఉండే లెక్కే. మనం చదువుకున్నప్పుడూ ఉంది. బయటి నుంచి ఏ బలమూ పనిచెయ్యకపోతే మొత్తం ద్రవ్యవేగం మారదు. నిలబడిన పడవకు ద్రవ్యవేగం సున్నా. అందులోంచి ఒకరు ముందుకు దూకితే, మొత్తం సున్నాగానే ఉండాలి కాబట్టి పడవ వెనక్కి పోతుంది. దీన్ని ద్రవ్యవేగ నిత్యత్వ నియమం అంటారు. పడవ ఉదాహరణ లేకుండా ఈ పాఠం చెప్పేవాళ్ళు లేరు. అత్త కావాలని పెట్టలేదని బిందుతో చెప్పు. పరీక్ష పోతే పోయింది, హాఫ్ ఇయర్లీలో చూసుకోవచ్చు.

నా సంగతి ఏం రాయను. పొద్దున తొమ్మిదిలోపు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. తరవాత పిల్లల హాజరు, తరవాత మధ్యాహ్న భోజనం గుడ్ల ఫోటో, తరవాత మరుగుదొడ్ల ఫోటో. ఇవన్నీ అయ్యాక పాఠం. దిద్దాల్సిన పేపర్లు నూట పది ఉన్నాయి. మడమ నొప్పి తగ్గలేదు. నిలబడి చెప్పలేక కుర్చీలో కూర్చుంటే ఆ రోజే ఎవరో ఒకరు తనిఖీకి వస్తారు. అలిసిపోయానురా. సెలవు పెట్టి పడుకుందామన్నా, పడుకుని ఏం చెయ్యాలో తెలియదు.

ఒక మాట అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. జూన్‌లో నాయన సంవత్సరీకానికి కూడా నువ్వు పిండం పెట్టలేదు. చిన్నాయన కొడుకు పెట్టాడు. మూడేళ్ళుగా అంతే. కొడుకువి నువ్వుండగా ఇదేం పని అని అందరూ నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి?

మరదలు అంకాలమ్మను అడిగానని చెప్పు.

నీ అక్క,
భాను


పాలెం,
అక్టోబరు 25.

అక్కా,

అడిగినావు కాబట్టి చెప్తుండా. ఇది అంకాలమ్మకు తప్ప ఎవురికీ తెలీదు.

పడవ వెనకపక్క, నాయన గడ పట్టుకొని నిలబడే బల్ల ఉంటాది కదా. అది వదులయింది. నాయన మూడుసార్లు చెప్పినాడు. "రే, మూడు మేకులు కొట్టరా, కాలు పెడితే కదులుతుండాది" అన్నాడు. రేపు కొడతాలే అన్నా. చివరిసారి చెప్పింది ఆదివారం సాయంత్రం. సోమవారం తెల్లారి నిన్ను ఏరు దాటించడానికి ఆయనే లేచినాడు. నేను ముందురోజు తాగి పడుకోనుండా. లేపినాడంట, లేవలేదంట.

నువ్వే చెప్పినావు కదా, నువ్వు బస్సెక్కేటప్పటికి నాయన పడవ తిప్పుకొని చెయ్యి ఊపినాడని. అంటే తిరిగొచ్చేటప్పుడే పడినాడు. ఆ బల్ల కదిలింది, పడవ అంచుకి తల కొట్టుకుంది, నడుంలోతు నీళ్ళలో మునిగిపోయినాడు. ఆయన ఈత నేర్పించినోళ్ళు ఈ పాలెంలో నలభై మంది ఉండారు.

మూడు మేకులు. డబ్బా గూట్లోనే ఉండాది. నాయనను చంపిన చేత్తో నాయనకు ముద్ద ఎట్ట పెట్టేది? అందుకే పెట్టలేదు. ఎవురన్నా అడిగితే మొండోడని చెప్పు.

నేను ఏట్లోకి దిగి మూడేండ్లయింది. వేరేవోళ్ళ గుంటకి మేత చల్లుకుంటా బతుకుతుండా. మేత బస్తా మోసే చేతులకి గడ పట్టేది మరుపొచ్చింది. ఇంట్లో అంకాలమ్మ పొద్దస్తమానం పోరు పెడుతుండాది. పడవను సరిచేసుకోమంటాది, లేదంటే కళ్ళముందర లేకుండా చెయ్యమంటాది. రెండోదే చేద్దామనుకున్నా. నవంబరు ఆఖరి ఆదివారం రంగనాయకులు రంపం తీసుకొని వస్తానన్నాడు. కోసి కట్టెలకి పట్టుకుపోతాడు. నేను ఆ పొద్దు ఇంట్లో ఉండను.

బిందు ఆ లెక్క చేసింది. చెయ్యకపోతే దానికి నిద్ర పట్టదంట. అర మీటరు వచ్చిందంట, అంటే సెకనుకు ఒక మూర కంటే రవంత ఎక్కువ. కరెక్టేనా? ఇంకోటి అడగమనింది. వాళ్ళ పుస్తకంలో పడవలో ఒక్కడే ఉంటాడంట. అత్త ఎందుకు ఇద్దరిని పెట్టిందీ అని.

మునెయ్య


దొరవారిసత్రం,
నవంబరు 2.

తమ్ముడూ,

రంగనాయకులుకు వద్దని చెప్పు. పడవను కోయించకు. నా మాట విను, కారణం అడగకు.

నువ్వు ఇలా అనుకుంటున్నావని నాకు తెలియదు. ఆ బల్ల గురించి జనం అనుకున్న మాట విన్నాను గానీ, నువ్వు దాన్ని ఇంతగా మోస్తున్నావని అనుకోలేదు. అది పాత పడవ, ప్రతి బల్లా కదిలేదే. నాయన ఆ బల్ల మీద ఏడాదిగా నిలబడుతూనే ఉన్నాడు. బల్ల వల్ల కాకపోవచ్చు. నువ్వు తిండి మానేసి ఆలోచించే మనిషివి, ఆలోచించకు.

బిందు జవాబు సరైనదే. లెక్క కొంచెం కష్టంగా ఉండాలని ఇద్దరిని పెడతారు, అంతే.

రాయడానికి ఇంకేమీ లేదు. ఒంట్లో బాగలేదు.

భాను


పాలెం,
నవంబరు 9.

అక్కా,

బల్ల వల్ల కాకపోవచ్చు అని రాసినావు. ఆ మాట ఎన్నిసార్లు చదివినానో లెక్కలేదు. కాకపోతే దేనివల్ల? నువ్వు ఊరడించడానికి రాసినావా, తెలిసి రాసినావా?

నీ ఉత్తరం అన్నం కాడ పైకి చదివినా. బిందు పక్కనే ఉండాది. "లెక్క కొంచెం కష్టంగా ఉండాలని ఇద్దరిని పెడతారు" అన్న కాడ అది తల అడ్డంగా ఊపింది. లోపలికి పోయి నోట్సు తెచ్చింది. "నాయనా, మన పడవ ఎంత బరువు?" అనింది. రిజిస్ట్రేషనప్పుడు వేబ్రిడ్జి కాడ తూకమేయించినాం కదా, నీకూ చెప్పినా, నూట నలభై. "తాత ఎంతుండె?" అనింది. ఆసుపత్రి చీటీలో అరవై ఎనిమిది అని ఉండాది. అది రెండూ కూడింది. రెండువందల ఎనిమిది. అంకాలమ్మ గరిటె పట్టుకొని అట్నే నిలబడిపోయింది.

అంటే లెక్కలో పడవలో మిగిలింది నాయన. దూకింది యాభై రెండు.

అక్కా, నువ్వు ఏట్లో పుట్టి పెరిగినదానివి. పడవ దిగేవోళ్ళు "దిగతుండా" అని కేకెయ్యాల. గడ పట్టినోడు గడను బురదలోకి దించి, దానిమీద బరువేసి, "ఊఁ" అనాల. ఆ "ఊఁ" వినిపించినాకే కాలు తియ్యాల. నాలుగేండ్ల పిల్లోళ్ళకి కూడా మనవాళ్ళు ముందు నేర్పించేది అదే. కేకెయ్యకుండా దిగినందుకు నాయన నన్ను గడతో కొట్టినాడు, నువ్వు నవ్వినావు, గుర్తుందా?

ఆ పొద్దు నువ్వు కేకేసినావా?

నీ బరువెంత అక్కా?

మునెయ్య


దొరవారిసత్రం,
నవంబరు 17.

తమ్ముడూ,

యాభై రెండు. ఆ సంవత్సరం అంతే ఉన్నాను.

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టి చింపాను. ప్రతిసారీ నా అలసట గురించి, మా బడి గురించి రెండు పేరాలు రాసి అక్కడే ఆగిపోయాను. ఈసారి అవేవీ రాయను.

ఆ సోమవారం బళ్ళు తెరిచే రోజు. తొమ్మిదిలోపు ఇక్కడ ముఖం చూపించాలి. ఐదున్నర బస్సు తప్పితే కుదరదు. ఏటి మధ్యలో ఉండగానే అవతలి గట్టు మీద బస్సు లైట్లు కనిపించాయి. నాయన "తొందరపడబాకమ్మా, వాడు టీ తాగందే తియ్యడు" అన్నాడు. నేను బ్యాగు భుజాన వేసుకుని ముందుకొచ్చి నిలబడ్డాను. గట్టు ఇంకా రెండు మూరలుంది. బస్సు హారన్ కొట్టింది. నాయన గడను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చుకోవడానికి పైకి ఎత్తి ఉన్నాడు. నేను దూకాను.

కేక వెయ్యలేదు. "దిగతుండా" అన్న మాట నా నోట్లోకే రాలేదు. పదిహేడేళ్ళుగా బస్సులు దిగి దిగి, చెప్పకుండా దిగడం అలవాటైపోయింది.

పుస్తకంలో ఆ నియమం ముందర "బాహ్యబలం లేనప్పుడు" అని ఒక ముక్క ఉంటుంది. పిల్లలు దాన్ని ఎప్పుడూ వదిలేస్తారు, నేను మార్కు కోస్తాను. గడ నేలకు ఆనితే అదే బాహ్యబలం, పడవ కదలదు. మనవాళ్ళ కేక అందుకే. బడి గడప తొక్కని మనుషులు ఆ ముక్క ఒక్కరోజూ వదల్లేదు. పదిహేడు బ్యాచులకు పాఠం చెప్పిన నేను వదిలేశాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతకంటే కష్టం. వెనక చప్పుడు వినిపించింది. గట్టిగానే వినిపించింది. గడ నీళ్ళలో పడిందేమో అనుకున్నాను. అనుకున్నానో, అనుకోవాలనుకున్నానో. బస్సు కదులుతోంది. తిరిగి చూడలేదు మునెయ్యా. చూసి ఉంటే నడుంలోతు నీళ్ళు. పది అడుగులు వేసి తల పైకెత్తి పట్టుకుంటే చాలు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా అటు చూడలేదు. రెండో పీరియడ్‌లో ఫోనొచ్చింది, గవ్వలేరుకోవడానికి వచ్చిన ఆదిశేషమ్మ చూసిందని.

ఇంటికొచ్చేసరికి అందరూ బల్ల గురించే మాట్లాడుతున్నారు. "నువ్వు దిగేటప్పటికి ఎట్టుండాడమ్మా?" అని ఎవరో అడిగారు. బాగానే ఉన్నాడన్నాను. ఇంకొకరు అడిగారు. పడవ తిప్పుకుని చెయ్యి ఊపాడన్నాను. ఆ చెయ్యి ఊపడం నేను కల్పించింది. ఒకసారి అన్నాక అది నిజమైపోయింది, నాకు కూడా కొన్ని రోజులు కనిపించింది.

నువ్వు గోడకు తల ఆనించి కూర్చోవడం చూశాను. తండ్రి పోయిన దుఃఖమే అనుకున్నాను. మేకుల సంగతి నిజంగా తెలియదు. కానీ నువ్వు ఏటికి పోవడం మానేశావని తెలుసు, పిండం పెట్టడం లేదని తెలుసు. ఎందుకని ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే నువ్వు చెప్పి ఉండేవాడివి. అడగలేదు. అడిగితే నేను చెప్పాల్సి వస్తుందని భయం. ఇది పచ్చి నిజం.

లెక్క ఎందుకు పెట్టానంటే, ఏటేటా బోర్డు మీద ఆ అంకెలతోనే చెబుతున్నాను. పిల్లలు రాసుకుంటారు, చెరిపేస్తాను. పేపర్లోకి ఎలా వచ్చిందో అడిగితే సరైన జవాబు లేదు. ఎవరూ గుర్తుపట్టరనుకున్నానో, ఎవరైనా గుర్తుపట్టాలనుకున్నానో. బిందు పట్టుకుంది. దాన్ని తిట్టకు.

నీ బల్ల వల్ల కాదు. నీ చేతుల్లో ఏ పాపమూ లేదు. నాయనను పడేసింది నేను, వదిలేసి పోయింది నేను. పాలెంలో ఎవరికి చెప్పాలన్నా చెప్పు. నేనే వచ్చి చెప్పమంటే వస్తాను.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

భానుప్రియ


పాలెం,
డిసెంబరు 28.

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు చదివి జోబులో పెట్టుకొని గుంట కాడికి పోయినా. మేత చల్లినా. మధ్యాన్నం మళ్ళీ చదివినా. అప్పుడు ఏడుపొచ్చింది. నాయన పోయిన రోజు కూడా నేను ఏడవలేదు, నీకు తెలుసో లేదో. చంపినోడికి ఏడ్చే హక్కు లేదనుకొని బిగబట్టుకోనుండా.

రంగనాయకులు రంపంతో వచ్చినాడు. వద్దని పంపించేసినా. నేనూ అంకాలమ్మా ఇంకో ఇద్దరూ కలిసి పడవను తిప్పినాము. అడుగున మూడు బల్లలు చెదలు తినేసుండాయి. మార్చినా. సందులు పూడ్చి తారు పూసి ఎండబెట్టినా. ఏట్లోకి దించే రోజు రెండుసార్లు ఎక్కి మళ్ళీ దిగిపోయినా. బిందు గట్టున నిలబడి నవ్వింది. గుంట పని మానేసినా. వారం నించి తెల్లారి వలకి పోతుండా. పడేది తక్కువే, చేతులు బొబ్బలెక్కుతుండాయి. అయినా అన్నం తిన్నాక నిద్ర పడుతుండాది.

అమావాస్యకి నాయనకు నేనే పెట్టినా. కాకి వెంటనే వచ్చింది. ఆదిశేషమ్మ చూసి "ఇన్నాళ్ళకి కొడుకు పెట్టినాడు, అందుకే వచ్చినాడు" అనింది. నువ్వు రాసింది ఈ ఇంటి గడప దాటలేదు, దాటదు. నువ్వొచ్చి ఎవురికీ చెప్పబన్లేదు. చెప్తే నీ బరువు తగ్గుతాదేమో, నాయన తిరిగిరాడు.

నేను అబద్ధం రాయను. నువ్వు దూకినందుకు నాకు కోపం లేదు. బస్సు హారన్ కొడితే ఎవురైనా దూకుతారు. తిరిగి చూడనందుకు కోపం ఉండాది, చానా ఉండాది, అదన్నా ఎప్పటికో తగ్గుతాది. కానీ మూడేండ్లు నేను గోడకి తలానించుకొని కూర్చుంటే చూస్తా ఊరుకున్నావే, అది తగ్గేట్టు లేదు. నువ్వు చదివినావు, ఉద్యోగం తెచ్చుకున్నావు, ఒడ్డెక్కినావు. నేను గడ పట్టుకొని పడవలో ఉండిపోయినా. నాకు దానికి ఎప్పుడూ కుళ్ళు లేదు. మా అక్క టీచరని చెప్పుకొని తిరిగినోణ్ణి. నువ్వు ముందుకి పోయినప్పుడంతా నేను అంతకంత వెనక్కి పోవాలని నీ పుస్తకంలో ఉంటే ఉండనీ. నాకొక కేకెయ్యాల్సింది.

బిందు నిన్ను చూడాలంటుండాది. సెలవల్లో పంపిస్తా. దానికి లెక్కలు చెప్పు, వేరే అంకెలతో చెప్పు. మడమకి ఉప్పునీళ్ళ కాపడం పెట్టుకోమని అంకాలమ్మ రాయమనింది.

నువ్వు రావాలనుకుంటే రా. ఇల్లు నీది కూడా, వద్దని అనను. కానీ చుట్టు తిరిగి రోడ్డున రా, రెండు గంటలు ఎక్కువైనా సరే. ఏటి అవతల నిలబడి నన్ను మాత్రం పిలవబాక. నువ్వు పిలిస్తే వినిపిస్తాది. వినిపించినా పడవ తీసుకురాలేను, ఇప్పుడప్పుడే కాదు.

మునెయ్య